మూడు గళ్ళ గుమాస్తా

మా బొగ్గుగనుల కాలనీ గ్రంథాలయంలో నేను చదవని అల్మారా ఒక్కటే ఉంది. దాని తాళంచెవి పోయింది. పదో తరగతి తప్పి గనిలో నీళ్ళ పంపు దగ్గర పనికి చేరినవాణ్ణి. రెండో షిఫ్టు ఉన్న వారాల్లో పొద్దున తొమ్మిదికల్లా పేపర్ల బల్ల ముందు ఉంటాను. నాకొచ్చిన చదువంతా ఆ బల్ల దగ్గర వచ్చిందే. ఎవరూ అడగకపోయినా ఆ మాట చెప్పుకునేవాణ్ణి.

బల్లకు అవతలి వైపు ఒక సారు కూర్చుంటారు. పెద్దపల్లిలో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నిరుడు చలికాలం మా ఇద్దరికీ ఒక పంచాయితీ పడింది. పేపర్లలో బొమ్మలు వేసేవాళ్ళలో ఎవరు గొప్ప?

సారు మొదటి పేజీ కార్టూన్ వేసే ఆయన పక్షం. నేను లోపలి పేజీలో, కింది మూలన, రోజూ మూడు గళ్ళలో బొమ్మల కథ వేసే ఆయన పక్షం. ఆ కథలో ఒక బట్టతల గుమాస్తా, అతని పాత సైకిలు. మాటలుండవు. ఒకరోజు మొదటి గడిలో చైను పడిపోయింది. రెండో గడిలో గుమాస్తా వంగి ఎక్కించాడు. మూడో గడిలో నల్లబడ్డ చేతులు పైకెత్తి పట్టుకుని, ఆఫీసు తలుపు ఎలా తెరవాలో తెలియక నిలబడ్డాడు. షిఫ్టు దిగి వచ్చి నేనూ మా ఇంటి తలుపు ముందు అట్లా నిలబడ్డవాణ్ణే.

“మంత్రికి కోపం తెప్పించేటోడు గొప్పోడయ్యా. సైకిల్ చైను ఎక్కిస్తే ఎవనికి నొప్పి?” అన్నారు సారు.

“మంత్రి రేపు మారుతడు సార్. మీ కార్టూన్ మిర్చీల పొట్లం అయితది. చైను మాత్రం రోజూ పడ్తనే ఉంటది.”

గిరాకీ లేనప్పుడు వచ్చి కూర్చునే ఆటో డ్రైవరు బల్ల మీద చరిచాడు. “మస్తుగ చెప్పినవ్ కాకా! సార్, మీది ఒక వికెట్ పోయింది.”

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఇది చదువుకున్నోళ్ళు మాట్లాడే ముచ్చట. ఊకె పేపర్లు చదివితే చదువైతదా?”

ఆ మాట నన్ను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. మూడోరోజు చెప్పాను. “నెల కట్ట దించుత సార్. ముప్పై దినాల బొమ్మలు వరుసగ చూడుండ్రి. అప్పుడు అనుండ్రి.”

మా దగ్గర నెల తిరగ్గానే పాత పేపర్లను సుతిలి తాడుతో కట్టి అటక మీద పెడతారు. కట్ట దించుకునేవాళ్ళు ఒక నోట్‌బుక్కులో పేరు రాయాలి. రెండేళ్ళుగా అందులో ఉన్నది నా పేరే. దానికీ గర్వపడేవాణ్ణి.

అంతకుముందు వానాకాలపు నెల కట్ట ఒకటి అందరి ముందూ విప్పాను. మొదటి పేపరు లోపలి పేజీ తీశాను. కింది మూలన కిటికీలా రంధ్రం. రెండో పేపరూ అంతే. పదో పేపరూ అంతే. బ్లేడుతో సాఫుగా కోశారు.

ఆటో డ్రైవరే ముందు నోరు తెరిచాడు. “అరె కాకా, నన్నడిగితే జిరాక్స్ తీసుకొస్తుంటి గద.”

లైబ్రేరియన్ నోట్‌బుక్కు తెచ్చి నా పేరున్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు.

“ఒప్పుకుంటున్న,” అన్నారు సారు. “దొంగతనం చేయించేంత గొప్పోడే మీ బొమ్మలాయన.”

నేను కాదని మూడుసార్లు అన్నాను. ఒక్కోసారికి గొంతు తగ్గింది. తప్పయిందని కాగితం రాసి ఇవ్వాలి, లేకపోతే కార్డు రద్దని లైబ్రేరియన్ చెప్పాడు.

నాలుగు రోజులు ఆలోచించాను. ఐదోరోజు వచ్చిన పేపరు తీసుకుని గుమాస్తా బొమ్మ ఉన్న చోట పేజీ తిప్పి చూశాను. సరిగ్గా దాని వెనక, అదే కొలతలో, ఉద్యోగ పరీక్షల ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి. వరండాలో పొద్దంతా కానిస్టేబుల్ పరీక్షకూ గ్రూప్స్‌కూ చదివే పిల్లలు గుర్తొచ్చారు. పేపరు పట్టుకుని లైబ్రేరియన్ దగ్గరికి పరుగెత్తాను.

అతను పేజీ వైపు చూడనైనా లేదు. “నాకెరుకే కాకా. ఆళ్ళకు నౌకర్లు రావాలె గద. ఆళ్ళను గద్దిస్తే రేపు ఇటు వచ్చేటోడెవడు? నువ్వొక్కనివే వస్తవు. ఒక సంతకం పెట్టరాదూ? పైనోళ్ళు అడిగితే చూపెట్టడానికి నాకొక కాగితం ఉంటది.”

నన్ను దొంగ అన్నదానికంటే ఇంకోదానికి ఎక్కువ బాధేసింది. ఆ బొమ్మలను ఎవరూ దొంగిలించలేదు కూడా. ప్రశ్నల వెనక ఉన్నందుకు బ్లేడు కింద పోయాయి.

కార్డు లేకుండా నాకు వారం గడవదు. సంతకం పెట్టాను.

సోమవారం బల్ల దగ్గర నా కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చున్నాను. సారు అందరికీ వినబడేలా అడిగారు. “ఇంతకూ తేలనే లేదు. ఎవరు గొప్పోడంటవ్?”

తన బల్ల దగ్గరి నుంచి లైబ్రేరియన్ తలెత్తి చూశాడు.

“మీరు చెప్పినాయనే సార్,” అన్నాను.

సారు సంబరంగా ఆటో డ్రైవరును మూడు చాయ్‌లు తెమ్మన్నారు. నా దాంట్లో చక్కెర జర ఎక్కువ వెయ్యమన్నారు.