ఇద్దరికీ ఒకే చిరునామా

మా సార్ పోయారు. మంగళవారం పొద్దున నారాయణగూడలోని ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసి చెప్పింది. అప్పటికే ఆయన కోసం ఇడ్లీ కట్టించుకుని చిక్కడపల్లి సందు దాటాను. ముందుకు పోవాలో వెనక్కి తిరగాలో కాసేపు తెలియలేదు. ఆ రోజు ఖర్చుల పద్దులో ఇడ్లీ అని రాసి ఆపేశాను.

హాస్టళ్ళకు, స్టడీ హాళ్ళకు ఆయన వెబ్‌సైట్లు చేసేవారు. మీలో కొందరు ఆయన చేసిన దరఖాస్తు పేజీలో పేరు నింపే ఉంటారు. నేను పాత పుస్తకాలు, ఫోన్‌లో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఒక సందేహం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. చెప్పినదంతా విని, "నీ సామాన్ ఏడుంది తమ్మీ?" అని అడిగారు. మరుసటి వారం నుంచి అక్కడే ఉన్నాను. కిరాయి కాగితం ఆయన పేరు మీదే. ఇప్పుడు ఆ గది నాకు ఉంటుందో లేదో తెలియదు.

నా సందేహం ఇది. తెర మీది పేరు గడిని లోపలి సమాచారానికి ముడివేయడం నాకు వచ్చు. గడిలో మారిస్తే లోపలా మారుతుంది. కానీ మనిషి వివరాలలో చిరునామా, ఆ చిరునామాలో వీధి ఉంటాయి. అంత లోతున్న వీధిని గడికి ఎలా కట్టాలి?

సార్ టిఫిన్ డబ్బా ముందు పెట్టారు. "అడుగు గిన్నెల కూర కావాలంటె ఏం జేస్తవ్? పైగిన్నె, నడిమి గిన్నె దాటిపోతవ్. దానికి గట్లనే తొవ్వ చెప్పు. మనిషి, చిరునామా, వీధి. మధ్యల దుంకకు."

ఆయన తక్కువ మాట్లాడేవారు. నేను ఇంకా తక్కువ. కోడ్ చదువుతుంటే ఆయన పెదవులు కదిలేవి. చాయ్ పూర్తిగా చల్లారాకే తాగేవారు.

అశోక్‌నగర్ స్టడీ హాల్ పేజీలో ఆయనే ఒక తప్పు చేశారు. ఒకే హాస్టల్‌లో ఉండే ఇద్దరు మిత్రులు అక్కడ చేరారు. రెండో అతను మళ్ళీ టైపు చేసే పని లేకుండా, 'పై చిరునామానే' అని సార్ ఒక బటన్ పెట్టారు. అది చిరునామాకు నకలు తీయలేదు. ఇద్దరినీ ఒకే చిరునామాకు కట్టేసింది. మొదటి అతను నల్లకుంటకు మారి తన వీధి దిద్దుకుంటే, రెండో అతని వీధి కూడా మారిపోయింది. పరీక్ష ముందు అతనికి రావాల్సిన పుస్తకాలు నల్లకుంటకు పోయాయి. కోపంగా మా గదికి వచ్చాడు.

"నేనేడికీ పోలే సార్. నా ఇల్లెట్ల మారింది?"

"నువ్వు పోలే బిడ్డా. నేనే పంపిన," అన్నారు సార్. అప్పుడే ఆటో ఎక్కి, ఆ పుస్తకాలు తెచ్చి అతని చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం తింటూ అన్నారు: "మనిద్దరం ఒక్క డబ్బల తింటున్నం. నువ్వు తీస్తె నాకు తగ్గుతది. గా పిల్లలకు గట్ల కావద్దు. ఎవరి డబ్బ వాళ్ళకుండాలె." బటన్ సరిచేశారు.

కొత్తది ఏది చేసినా ముందు మా ఇద్దరి పేర్లతో పరీక్షించుకునే పేజీ ఒకటుంది. మా ఇద్దరినీ ఒకే చిరునామాకు కట్టేసిన ఆ తప్పు అందులో మిగిలిపోయింది.

"ఇది గూడ సరిచేద్దామా సార్?" అని అడిగాను.

"ఉండనీ తియ్. మనమెటు పోతం?"

నిన్న ఇంటి ఓనరమ్మ వచ్చింది. మంచి మనిషే. గడప బయటే నిలబడింది.

"సారు మొకం జూసి ఇచ్చిన బిడ్డా. ఇప్పుడు మా అల్లుడొస్తుండు. నెలాఖరుకు ఇంకోటి చూస్కో."

తల ఊపాను. ఆమె పోయాక డబ్బా కడిగి బోర్లించాను. తర్వాత మా పేజీ తెరిచాను. సార్ పేరు తీసేయడానికి చెయ్యి రాలేదు. ఈ గదిలో ఆయన లేరు కాబట్టి, ఆయన పేరు పక్కనున్న వీధి ఒక్కటే తుడవడం మొదలుపెట్టాను. పై గడిలో ఒక్కో అక్షరం పోతుంటే, కింద నా పేరు పక్కన కూడా వీధి కొంచెం కొంచెంగా తరిగిపోయింది. చివరికి రెండు పేర్లు మిగిలాయి.