కమలాబాయి కింది పన్ను

కమలాబాయి చేయి ఒక్కచోట నిలవదు. మిరపకాయల తొడిమలు తీస్తున్నా సరే, వేలు నడుముకు దోపిన గుడాకు డబ్బా మీదికే, పళ్లకు రుద్దుకునే ఆ పొగాకు ముద్ద మీదికే పోతుంది. బయ్యారం దగ్గరి ఆ తండాలో పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు మెడ పట్టుకుని పాడే ఏడుపు పాట ఢావ్లో. దాన్ని ఎత్తుకోవాల్సింది ఆమే. మీసాలు మెలేసే మగవాళ్లు కూడా తలలు దించుకుంటారు. ఆమె కంట మాత్రం చుక్క రాలదు.

"నేనే ఏడిస్తే పాటెవరు నడిపిస్తరు?" అంటుంది.

ఈసారి పెళ్లికూతురు సొంత మనవరాలు గీత. సరిగ్గా ఇప్పుడే కమలాబాయి కింది ముందు పన్ను కదలసాగింది. అంతకుముందు అది సలిపి సలిపి ప్రాణం తోడేసింది. గుడాకు దట్టంగా పట్టించింది, ఓ రోజు నొప్పి మాయమైంది. ఇక తండాలో ఆమె గొప్పలకు అడ్డే లేదు. ఆ తర్వాత చిగురు ఉబ్బి చీము కారింది. ఒకచోట చూపించి చిగురు శుభ్రం చేయించుకున్నా చీము మళ్లీ వచ్చింది. పన్ను ఊడితే మాటల్లోంచి గాలి పోతుంది, పాట నవ్వులపాలవుతుంది. కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు.

కొడుకు ప్రేమ్‌సింగ్ మహబూబాబాద్ తీసుకుపోయాడు. పళ్ల డాక్టరు సాహితి పన్నుకు చల్లటి దూది ఆనించింది.

"సల్లగ తగుల్తుందా అవ్వా?"

"ఏం తెలుస్తలేదు బిడ్డా. మంచిదే గదా?"

"కాదవ్వా. లోపల నరం సచ్చింది, గందుకే నొప్పి పోయింది. బాక్టీరియా చిగురు సందుల నుంచి వేరు కొసదాక దిగింది. ఇప్పుడు వేరు నుంచి మళ్ల చిగురుకెక్కుతుంది. ఒక్కదిక్కు సాఫ్ చేస్తే ఇంకోదిక్కు నుంచి వస్తది. ముందు వేరు, తర్వాత చిగురు, రెండూ చెయ్యాలె. నిలుస్తదని మాటియ్యలేను. గుడాకు పెడితే మాత్రం అస్సలు నిలువది."

ఆమె డబ్బా తీసి కొడుకు చేతిలో పెట్టింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. వాకిట్లో అటూ ఇటూ తిరిగింది, కోళ్లను తరిమింది, కోడలితో ఉత్తపుణ్యానికి కయ్యం పెట్టుకుంది. ఖాళీ నడుము తడుముకుని తనను తానే తిట్టుకుంది. వేరు, చిగురు రెండూ శుభ్రమయ్యాక పన్ను మెల్లగా బిగిసింది.

పెళ్లి రోజు గీత వచ్చి ఆమె మెడ పట్టుకుంది. కమలాబాయి ఢావ్లో ఎత్తుకుంది. ఒక్క మాటా జారలేదు. రెండో చరణంలో గీత ఆమె మెడలో మొహం దాచుకుని, వెక్కుతూ అంది.

"దాదీ, నీ గుడాకు వాసన వస్తలేదు. నిన్ను పట్టుకున్నట్టే లేదే."

ఆ వాసన ఉన్న ఒళ్లోనే పెరిగిన పిల్ల. పన్ను గట్టిగానే ఉంది, పాటే ఆగిపోయింది. తండా అంతా చూస్తుండగా కమలాబాయి భోరున ఏడ్చింది. మిగతా చరణం పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు.