గంప కింద అడుగు

"ఏవండీ, ఇది కుక్క అడుగు కాదండీ. ఎంత గుండ్రంగా ఉందో చూడండి."

"మరేంటే, మీ పుట్టింటోళ్ళ పులా?"

"పొద్దున్న వెలుగులో చూద్దురు గాని. గంప బోర్లిస్తున్నాను."

"బోర్లించు, బోర్లించు. తెల్లారేసరికి గుడ్లు పెడతాదేమో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. కొత్తపేట అవతల, గోదావరి గట్టు కింద మా ఇల్లు. వాన వెలిసిన సాయంత్రం, దొడ్లో కొబ్బరిచెట్ల కింద తడిమట్టిలో ఆ అడుగు నా కంటపడింది. చిరుతపులి తిరుగుతోందని అప్పటికే ఊళ్ళో అనుకుంటున్నారు. ఆయన నమ్మలేదు. నవ్వుకుంటూనే పడుకున్నారు. తెల్లవారి లేవలేదు.

మైల రోజుల్లో మా ఇంట కళ్ళాపి చల్లరు. వచ్చిన జనమంతా వీధివాకిట్లోనే కూర్చున్నారు, దొడ్లోకి ఎవరూ పోలేదు. గంప ఎక్కడిదక్కడే ఉంది. ఏడుస్తూ ఏడుస్తూనే నా మనసు దాని కిందికి పోయేది. ఆయన పోయారు, సరే. కుక్కా, పులా? అది తేలొద్దూ?

మైల తీరిన రోజు మా ఆడపడుచు పేడనీళ్ళ బకెట్టుతో దొడ్లోకి వచ్చింది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆమే.

"ఆ గంప తియ్యి వదినా, జల్లేస్తాను."

"జల్లేవంటే ఊరుకోను! దాని కింద మీ అన్నయ్యకీ నాకూ తగువుంది."

నాకు మతి పోయిందనుకుంది. అయినా గట్టు మీద తిరుగుతున్న అటవీశాఖవాళ్ళకి తనే కబురు పెట్టింది. ఒకాయన వచ్చి గంప తీశాడు. మట్టి ఎండినా అడుగు చెదరలేదు. టేపు పెట్టి కొలిచాడు.

"ఆయ్, చిరుతేనండి అమ్మగారూ. కుక్కయితే గోళ్ళు దిగుతాయండి."

"గోదావరి ఈదుకొచ్చిందాండీ?"

"ఈదగలదండి. ఎలా వచ్చిందో మాకూ తెలీదండి."

ఫోనులో పటం చూపించాడు. ఆనవాలు దొరికినచోటల్లా ఎర్రచుక్క. గోదావరి మధ్య లంకలో కొన్ని, అవతల కాలవగట్టున కొన్ని, నడుమ ఖాళీ.

"దాని దారి తెలిస్తే, అటు ఎవరూ ఉచ్చులు పెట్టకుండా చూస్తామండి. అదీ బతుకుద్ది, మీరూ బతుకుతారు."

ఆ ఖాళీలో వేలితో నొక్కి ఇంకో చుక్క పెట్టాడు. అది మా దొడ్డి. తగువు నేనే గెలిచాను. ఒప్పుకోవాల్సిన మనిషి లేడు.

అది మళ్ళీ ఇటు వచ్చిందా, లేదా? ఇప్పటికీ వాన వెలిస్తే దొడ్లోకి పోయి నేల చూస్తాను.

ఏం అమ్మాయ్, రాశావా? గుడ్ల మాట వదిలేశావేమో! ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు.