సత్తయ్య మొక్కు గడ్డం

2009 ఎండాకాలం. నాచారంలో రెస్పిరేటర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో నాది ఫిట్ టెస్ట్ పని. రెస్పిరేటర్ అంటే ముఖానికి బిగించుకునే మాస్కు. దాని ఫిల్టర్లు పొగలోని నుసిని ఆపుతాయి. కానీ అంచు చర్మానికి అతకకపోతే ఎంత మంచి ఫిల్టరైనా దండగే. అందుకే మాస్కు పెట్టుకున్న మనిషి తలకు సంచీలాంటి హుడ్ తొడిగి, లోపలికి శాకరిన్ నీళ్లు చిమ్ముతాం. నోటికి తీపి తగిలిందంటే అంచులో ఎక్కడో సందు ఉన్నట్టే, పొగ కూడా అందులోంచే దూరుతుంది.

అప్పుడు జవహర్‌నగర్ చెత్తగుట్టలు రాజుకుని పొగలు కక్కుతున్నాయి. అక్కడికి వెళ్లే ఫైర్‌మెన్ టెస్టుకు వచ్చారు. అందరూ పాసయ్యారు, గుబురు గడ్డంతో ఉన్న సత్తయ్య తప్ప.

"తియ్యగ తగుల్తుంది మేడం," అని దగ్గాడు. వచ్చినప్పటినుంచీ దగ్గుతూనే ఉన్నాడు. "ఏం ఫికర్ లేదు. తడి తువ్వాల కట్టుకొని పోత. ఇన్నేండ్లు గట్లనే పోయిన."

నాకు ఒళ్లు మండింది. "ఆ గడ్డం మీద మాస్కు అంచు అతకదు. గీయించుకుని రండి. ఎంతసేపు పని?"

అతని ముఖం వాడిపోయింది. "మొక్కు మేడం. మొదటి కాన్పుల బిడ్డ దక్కలే. గీసారి బిడ్డ పుట్టినంక యాదగిరిగుట్టకు పోయి ఇయ్యాలె."

ఇంట్లో ఒకసారి మాట్లాడి రమ్మని పంపాను.

మర్నాడు నిండు నెలల భార్య లక్ష్మితో వచ్చాడు. "పొగ ఏం జేస్తది మేడం? ఉన్నదున్నట్టు చెప్పున్రి," అందామె. సన్నటి నుసి ఊపిరితిత్తుల్లో దిగితే దగ్గినా బయటికి రాదని, ఏళ్లు గడిచేకొద్దీ ఆయాసం ముదురుతుందని చెప్పాను.

ఆమె భర్త వైపు తిరిగింది. "మొక్కింది బిడ్డ కోసమే గదా? నువ్వు గుట్టెక్కలేకపోతే బిడ్డనెవరెత్తుకుంటరు? అత్తమ్మ చెప్పింది. తీసిన గడ్డం పసుపు గుడ్డల మూటగట్టి ఇంట్ల దేవుని కాడ పెడదం. బిడ్డ పుట్టినంక తల వెంట్రుకలతోని కలిపి గుట్ట మీద ఇద్దం."

సత్తయ్య చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత లేచి, వీధి చివరి సెలూన్‌కు వెళ్లాడు. చిన్న మూటతో తిరిగొచ్చి, దాన్ని లక్ష్మి చేతిలో పెట్టి కూర్చున్నాడు. మాస్కు బిగించి, హుడ్ తొడిగి, రెండు సార్లు చిమ్మాను.

"ఏం తగుల్తలే మేడం."

ఆ అత్తమ్మను నేనెప్పుడూ చూడలేదు. ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఎవరు గడ్డంతో వచ్చినా, ఎందుకు పెంచారని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను.

వానాకాలం వెళ్లాక సత్తయ్య నున్నటి గుండుతో, గుట్ట ప్రసాదంతో వచ్చాడు. చంకలో ఆడపిల్ల. పాప ఏడుపు లంకించుకుంటే భుజాన వేసుకుని, ఏదో పాట పాడుకుంటూ బస్టాపు దాకా నడిచాడు. నేను గేటు దగ్గరే నిలబడి విన్నాను. ఒక్కసారి కూడా దగ్గలేదు.