మగ్గం గుంట

మాది ఉప్పాడ. ఇంట్లోనే మగ్గం. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకోవడానికి నేలలో గుంట ఉంటుంది. ఆ ఏడు తుపాను వస్తోందనగానే బియ్యం, ఆధార్ కార్డులు, అత్తయ్యగారు సగం నేసిన చీర మూటగట్టి అటక మీద పెట్టాను.

“గుంట మీద చెక్క వెయ్యి అమ్మాయ్” అన్నారావిడ.

“ముందు చీర తడవకూడదండీ” అని విసుక్కున్నాను.

తెల్లారేసరికి ఇంట్లో మోకాలి లోతు సముద్రపు నీళ్లు. నేల కనబడటం లేదు. అటక మీంచి చీర మూట జారుతోంది.

“అత్తయ్యా, పట్టుకోండి!” అని అరిచాను.

చేతులు చాచి, పైకే చూస్తూ పరుగున వచ్చిన ఆవిడ ఆ గుంటలోనే పడ్డారు. తుంటి విరిగింది. మూటని మాత్రం నీళ్లలో పడనివ్వలేదు.

మిగతా సగం చీర నేనే నేశాను. ఇప్పటికీ నేను మగ్గం దగ్గర్నుంచి లేస్తుంటే మంచంలోంచి అడుగుతారు: “చెక్క వేశావా అమ్మాయ్?”