కాలువ చివరి దాకా కబురు

"ముప్పై తొమ్మిదేళ్లకి జావా ఏంటండీ, ఇంట్లో పిల్లల పరీక్షలు చూసుకోక" అని సరోజినిని గుమ్మం దగ్గరే ఆపబోయిన కోచింగ్ సెంటరాయన ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఎక్కడున్నా సరే, ఈ సంగతి విని కాస్త సిగ్గుపడితే బాగుంటుంది.

సరోజినిది బాపట్ల. పెళ్లయి తెనాలి వచ్చింది. మారిస్‌పేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పింది. ఇరవై మిషన్లు ఒక్కసారిగా టకటకలాడుతున్నా, ఏ మూలన ఎవరు తప్పు వేలితో కొట్టారో తలెత్తకుండా చెప్పేది. కంప్యూటర్లు వచ్చి టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. 2004లో ఇన్‌స్టిట్యూట్ మూతబడింది. ఆఖరి రోజు మిషన్లన్నిటికీ కవర్లు తొడిగి, ఇంటికొచ్చి ఒక పూట ఏడ్చింది. మర్నాడు వెళ్లి జావా ప్రోగ్రామింగ్ కోర్సులో చేరింది. ఆవిడ తీరే అంత, ఏడుపుకైనా ఒక పూట కంటే ఎక్కువ ఇవ్వదు.

కోర్సులో అందరికంటే పెద్దది, అందరికంటే ముందు పూర్తి చేసింది. తర్వాత గౌరీశంకరం గారి దగ్గర ఉద్యోగంలో చేరింది. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు. గంగానమ్మపేటలో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టారు. ఆఫీసంటే ఆయనా, సరోజినీ, తరచు ఆగిపోయే ఒక ఫ్యానూ. ఆయన ఆవిడని "అమ్మా సరోజినీ" అనేవారు, ఆవిడ ఆయన్ని "మాస్టారూ" అనేది.

2009లో వానలు మొహం చాటేశాయి. కాలువలో నీళ్లు తక్కువై, ఊరూరికీ వంతు పెట్టారు. తొమ్మిది రోజులకొకసారి ఒక్కో పంట బోదెకి, అంటే చేలకి నీళ్లు తీసుకెళ్లే పిల్లకాలువకి, నాలుగు గంటలు నీళ్లు. ఆ నాలుగు గంటల్లో రైతు పార పట్టుకుని గట్టుకి తన మడవ తీసుకుంటే చేనుకి నీళ్లు పారతాయి, లేకపోతే ముందుకు సాగి మురుగు కాలువలో పడి సముద్రంలో కలుస్తాయి. చిక్కేమిటంటే, వంతు ఏ గంటకి వస్తుందో ఆ రోజు పొద్దునదాకా ఎవరికీ తెలియదు. తూముల షట్టర్లు ఎత్తే లస్కర్లు తెల్లవారుజామున బాపట్లకి ఫోన్ చేసి కాలువ మట్టం చెబితే, బాపట్లలోని నీటి సంఘాల ఆఫీసు గంటలు లెక్కగట్టేది. ఆ గంటల్ని ఎస్సెమ్మెస్‌లుగా నాలుగు వేల రెండు వందల మంది రైతులకి పంపే పని గౌరీశంకరం గారికి అప్పజెప్పారు. ప్రోగ్రాము ఆయనే స్వయంగా రాశారు. దాన్ని ఎవరైనా ఏమైనా అంటే ఊరుకునేవారు కాదు.

మొదటి వంతు రోజున కాలువ చివరనున్న అడవులదీవి వైపు రైతుల ఫోన్లు మధ్యాహ్నం మూడు దాటాక మోగాయి. "ఉదయం పది గంటలకు మీ బోదెకు నీరు" అని అందులో ఉంది. ఆ నీళ్లు అప్పటికే సముద్రం చేరాయి.

బాపట్ల నుంచి చీవాట్లు వచ్చాయి. మాస్టారు ఫోన్ కంపెనీని తిట్టారు. సరోజిని మాత్రం ప్రోగ్రాము తెరిచి, వరస వరసా చదువుకుంటూ పోయింది. సరిగ్గా ఆరింటికి టైమర్ ప్రోగ్రాముని లేపుతుంది. అది జాబితాలో మొదటి పేరు తీసుకుంటుంది, సిమ్ కార్డు వేసిన మోడెమ్ ద్వారా ఎస్సెమ్మెస్ పంపుతుంది, బదులొచ్చేదాకా చేతులు కట్టుకు నిలబడుతుంది, ఆ తర్వాతే రెండో పేరు. ఒక్కొక్కరికి ఆరు సెకన్లు. ఫోన్ ఆపేసుకున్నవాడు తగిలితే నిమిషం. నాలుగు వేల మందికీ అలా నిలబడి నిలబడి సాయంత్రం చేస్తోంది. పైగా జాబితా రాసింది కాలువ మనుషులు. వాళ్లకి తెలిసిన వరస ఒక్కటే, తెనాలి లాకుల దగ్గర మొదలుపెట్టి చెరుకుపల్లి, రేపల్లె మీదుగా దిగువకి రాసుకుంటూ పోవడం. శివారు భూముల వాళ్లకి నీళ్లెలాగూ చివరికే వస్తాయి, ఇప్పుడు కబురు కూడా చివరికే. సరోజినికి ఒళ్లు మండింది.

"మాస్టారూ, ఒక్కడే అందరి దగ్గరా నిలబడక్కర్లేదండి. పని అప్పజెప్పేసి ముందుకెళ్లొచ్చు."

"ఎవరికి అప్పజెపుతావమ్మా?"

స్ప్రింగ్ అని జావాలో ఒక ఫ్రేమ్‌వర్క్ ఉంది. ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం ముందే కట్టిపెట్టిన ఇంటి చట్రం లాంటిది. అందులో పనులు పంచడానికి ఒక ఏర్పాటు ఉంది. ప్రోగ్రాము లోపల ఎంతమంది పనివాళ్లు కావాలో చెబితే అంతమందిని సిద్ధంగా ఉంచుతుంది, ఖాళీ అయినవాడికి తర్వాతి పని అందిస్తుంది. పని అప్పజెప్పినవాడు ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. సరోజిని ఎనిమిది మోడెమ్‌లు పెట్టించి, ఒక్కోదానికి ఒకడు చొప్పున ఎనిమిది మంది పనివాళ్లని పెట్టింది. రెండో వంతు పొద్దున ఆరింటికి టైమర్ లేచిన పది సెకన్లలో, తెర మీద నాలుగు వేల రెండు వందల పేర్ల పక్కనా పచ్చటి టిక్కు పడింది. మాస్టారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత చాలాకాలం ఆవిడకి మొహం ఎర్రబడేది.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. అడవులదీవి పక్కన శివారు బోదె మీద ఎకరన్నర కౌలుకి చేసే పున్నమ్మ గారు.

"ఈసారి అసలు కబురే రాలేదమ్మా. మొన్న ఆలస్యంగానైనా వొచ్చింది."

"అందరికీ వెళ్లినట్టు ఇక్కడ చూపిస్తోందండి."

"మీ దగ్గర చూపిత్తే నా మళ్లోకి నీళ్లు రావు గదమ్మా. నారు ఎర్రబడిపోతంది. ఇంకొక్క వంతు పోయిందంటే ఇక నాటడానికి ఏమీ మిగలదు."

సరోజిని మర్నాడు రేపల్లె ప్యాసింజరెక్కి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని పున్నమ్మ ఇంటికి వెళ్లింది. అరవై ఏళ్ల మనిషి పున్నమ్మ, లూథరన్ చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ఫోన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బొడ్లో దోపుకుని తిరుగుతుంది. కవర్ విప్పి చేతిలో పెట్టింది. మెసేజ్ లేదు. తర్వాత నారుమడి చూపించింది. మడి బీటలు వారింది, బీటల మధ్య జానెడు నారు కొసలు మాడి నిలబడి ఉంది. తెర మీద పచ్చటి టిక్కులు, ఇక్కడ ఇది.

ఇద్దరూ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతుండగా బర్నబాస్ సైకిల్ దిగాడు. ఆ బోదె లస్కరు అతనే. ఆ సాయంత్రం ప్రార్థన కూడిక ఉందని నాలుగిళ్లలో చెప్పి రమ్మని పున్నమ్మ పంపిందట.

"చెప్పేశాను పిన్నీ" అన్నాడు.

"ఎవరికి చెప్పావు? ఏమన్నారు?"

"దానమ్మత్త వొత్తానంది. పైవీధి రెండిళ్లవాళ్లూ వొత్తారంట. మోషే గారింట్లో మాత్రం ఎవరూ లేరు, తలుపేసుంటే పిలిచేసొచ్చాను."

"తలుపుకి చెప్పొచ్చావా? అది చెప్పడమేంటిరా? వాళ్లు 'ఊఁ' అంటే చెప్పినట్టు. మళ్లీ ఎళ్లు. ఇంట్లో లేకపోతే చేలో చూడు, చేలో లేకపోతే పక్కింటోళ్లకి అప్పజెప్పి వాళ్ల పేరు నాకు చెప్పు."

బర్నబాస్ గొణుక్కుంటూ సైకిల్ ఎక్కాడు. సరోజిని మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేసింది. తన ప్రోగ్రాము చేస్తున్నది అచ్చంగా ఇదే, తలుపుకి చెప్పి రావడం. పనివాడి చేతిలో పని పెట్టగానే టిక్కు కొట్టేస్తోంది. వాడు వెళ్లాడో లేదో, వెళితే ఏమన్నారో అడిగే దిక్కు లేదు. మోడెమ్ "కుదరలేదు" అన్నా ఆ మాట వినేవాళ్లెవరూ లేక, అది అక్కడికక్కడే ఆవిరైపోతోంది.

తెనాలి తిరిగొచ్చాక ప్రతి పనివాడి చేతా జవాబు రాయించి చూసింది. అసలు దొంగ దొరికాడు. ఎనిమిదో మోడెమ్ నలభై నిమిషాలు పనిచేసేసరికి వేడెక్కి మొండికేస్తోంది. అక్కణ్ణుంచి ఏ ఎస్సెమ్మెస్ ఇచ్చినా క్షణంలో "కుదరలేదు" అనేసి ఖాళీ అవుతోంది, ఖాళీగా ఉంది కదాని ఫ్రేమ్‌వర్క్ ఇంకో పని అందిస్తోంది. బుద్ధిగా పనిచేసే ఏడుగురూ ఆరేసి సెకన్లకి ఒకటి పంపుతుంటే, ఈ పనిదొంగ మిగిలిన జాబితా అంతా నిమిషంలో మింగేస్తున్నాడు. నలభై నిమిషాలు దాటాక మిగిలేదెవరు? శివారు వాళ్లే.

ఆ మోడెమ్‌ని మార్చినా రేపు ఇంకోటి వేడెక్కదని ఏముంది? ఐదు రోజులు కూర్చుని ప్రోగ్రామే తిరిగి రాసింది. పని అప్పజెప్పాక ప్రోగ్రాము ఎక్కడా నిలబడదు, కాని ఒక్క పనినీ మర్చిపోదు. జవాబొస్తేనే టిక్కు. "కుదరలేదు" అంటే అదే కబురు ఇంకో మోడెమ్‌కి. వరసగా మూడుసార్లు కుదరదన్న మోడెమ్‌ని పక్కన కూర్చోబెట్టడం. ఇన్ని చేసినా అందని రైతు పేరు తెర మీద ఎర్రగా పడాలి, ఆ పేరుని ఫోన్లో లస్కరుకి చదివి వినిపించాలి.

మాస్టారు అన్నీ ఒప్పుకున్నారు గాని ఎర్ర పేర్ల దగ్గర ఆగారు.

"మన తప్పులు మనమే ఎర్రగా రాసి చూపిస్తే, బాపట్లలో మన పరువేం కానమ్మా?"

"ఎర్రగా చూపించకపోతే అక్కడ నారు ఎర్రబడుతోందండి మాస్టారూ."

తన ప్రోగ్రాముని ఒక్క మాట అననివ్వని మనిషి, చివరికి "కానియ్యమ్మా. వంతు రోజు కంప్యూటర్ ముందు నేను కూర్చుంటాను, నువ్వు అక్కడికి వెళ్లి కళ్లారా చూడు" అన్నారు. ఆ మాట ఆయన నోట రావడం చిన్న విషయం కాదు.

మూడో వంతు ముందు రోజే సరోజిని పున్నమ్మ ఇంటికి చేరింది. పొద్దున ఆరయింది. ఫోన్లు మోగలేదు. ఆరుంపావు, ఆరున్నర. పున్నమ్మ ఫోన్ని కవర్లోంచి తీసి పీట మీద పెట్టి, దాని ముందు కూర్చుంది. ఆరూ నలభై దాటింది. తెనాలిలో ఎనిమిదో మోడెమ్ వేడెక్కే వేళ అది. సరోజిని గోడ గడియారం వైపు చూడటం మానేసి నేలకేసి చూస్తూ కూర్చుంది.

ఆరూ యాభై రెండుకి పీట మీద ఫోన్ కుయ్‌మంది. "ఉదయం పది గంటలకు మీ బోదెకు నీరు." ఆ వెంటనే పక్కింట్లో ఒకటి, ఎదురింట్లో ఒకటి, వీధి చివర ఇంకొకటి. పళ్లు తోముకుంటున్నవాళ్లు పుల్ల నోట్లో ఉంచుకునే పారలు తీస్తున్నారు. పున్నమ్మ లేచి సరోజిని బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని "వొచ్చిందే అమ్మాయ్!" అని కేకేసింది.

ఏడుంపావుకి మాస్టారి ఫోన్. ఎనిమిదోది మొరాయించింది, పక్కన కూర్చుంది, దాని పని మిగతా ఏడూ పంచుకున్నాయి. మొత్తం మీద ఎర్ర పేర్లు ఇరవై ఏడు, అందులో ఈ బోదె మీద తొమ్మిది. సరోజిని ఫోన్ బర్నబాస్ చెవి దగ్గర పెడితే, మాస్టారు తొమ్మిది పేర్లూ క్లాసులో హాజరు పిలిచినట్టు చదివారు. బర్నబాస్ సైకిల్ ఎక్కాడు. తొమ్మిది దాటాక వచ్చి, తొమ్మిది మందిలో ఎవరెవరు ఏమన్నారో అడక్కముందే అప్పజెప్పాడు.

పది గంటలకి బోదె గట్టు మీద అరవై మూడు మంది రైతులు, అరవై మూడు మడవల దగ్గర పారలు పట్టుకుని నిలబడ్డారు. ఇరవై ఏళ్లుగా లస్కరు పని చేస్తున్న బర్నబాస్ ఆ బోదె మీద అంతమందిని ఒక్కసారిగా చూడలేదు. నీళ్లు వచ్చాయి. ముందు ఎండుటాకులూ నురగా తోసుకుంటూ, వెనక ఎర్రటి ఒండ్రు నీళ్లు. గట్టు మీద కేకలు లేచాయి. ఒకరి తర్వాత ఒకరు మడవలు తీశారు. ఎవరి మడవ దగ్గరికి వచ్చేసరికీ నీళ్లు అయిపోలేదు. రెండు గంటలు గడిచేసరికి బర్నబాస్ చివరి దాకా నడిచి వెళ్లి, మురుగు కాలువ మొగలో చెయ్యి పెట్టి చూసి, అక్కణ్ణుంచే అరిచాడు.

"పిన్నీ! ఇక్కడికి చుక్క కూడా రాలేదే!"

పున్నమ్మ నారుమడిలో బీటలు బుడబుడమంటూ నీళ్లు తాగుతున్నాయి. సరోజిని చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మడిలోకి దిగబోయింది.

"నారు తొక్కేవు, ఈ మూలకి దిగు!" అని పున్నమ్మ గదమాయించింది.

ఆ మూలకే దిగింది. ఏడుస్తూ, నవ్వుతూ, చీలమండల దాకా బురదలో నిలబడింది. అప్పుడే చేతిలో ఫోన్ మోగింది.

"అమ్మా సరోజినీ, బాపట్ల వాళ్లు లైన్లో ఉన్నారు. శివారుకి కబురు చేరిందా లేదా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

"నా కాళ్లు తడిశాయని చెప్పండి మాస్టారూ."