సిగ్నల్ కాక కట్టిన వెచ్చని గది

మొన్న బుధవారం పొద్దున మా సిగ్నల్ కాక పోయారు. పక్కింటి గోడ మీదుగా ఆయన మేనల్లుడు "అక్కా, మామ లేస్తలేడు" అని పిలిస్తే పరుగెత్తాం. అప్పటికే చేతులు చల్లబడ్డాయి. మధ్యాహ్నానికి వాకిట్లో చేరినవాళ్లందరిదీ ఒకటే మాట. "డెబ్బై దాటినయి. ఎవ్వలకు బరువు గాకుంట పోయిండు. మంచి చావు."

నాకా మాట నచ్చలేదు. ఏ విషయాన్నీ తేల్చి చెప్పలేనిదాన్నని నాకు పేరు. రెండు వైపులా ఆలోచించి, ఏ వైపూ నిలబడకుండా లేచిపోతాను. ఈ ఒక్కసారికి తేల్చి చెబుతున్నాను. ఆయన చావులో మంచి ఏమీ లేదు. ఇంకా ఉండవలసిన మనిషి.

డోర్నకల్‌లో రైల్వే సిగ్నళ్లు బాగుచేసే ఫిట్టరుగా పనిచేసి, రిటైరయ్యాక వరంగల్ వచ్చి మా పక్కింట్లో ఉన్నారు. భార్య అంతకుముందే పోయింది, పిల్లలు లేరు. చదువు ఏడో తరగతి. మా ఇంటికొస్తే కూర్చునే ముందు స్విచ్‌బోర్డుకు అరచేతి వెనకవైపు ఆనించి, ఎక్కడైనా వేడెక్కుతోందా అని చూసేవారు. తీగలు కలిపితే ప్రతి ముడినీ గుంజి చూసేవారు. "గుంజితే ఊడేదాన్ని కనెక్షన్ అనరు బిడ్డా" అనేవారు.

పదమూడేళ్ల కిందట, డిసెంబరు చలిలో, ఏడో నెలకే నాకు ఆడపిల్ల పుట్టింది. మూడున్నర పౌండ్లు. అలాంటి పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె మా ఊళ్లో దొరకలేదు. "ఇంటికి తీసుకుపొండి, వెచ్చగా ఉంచండి, ఆశ మాత్రం పెట్టుకోకండమ్మా" అన్నారు డాక్టరుగారు. మా ఆయన ఉద్యోగం ములుగులో, శనివారాలు వచ్చేవారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ. కుంపటి పెడితే పొగకు పిల్ల ఉక్కిరిబిక్కిరి అయ్యేది. తీసేస్తే పాదాలు నీలంగా మారేవి.

కాక వచ్చి చూశారు. పెరట్లోకి వెళ్లి, స్నానాలకు నీళ్లు కాచే మా రాగి బాయిలర్ చుట్టూ రెండుసార్లు తిరిగారు. మర్నాటికి గోడకు కన్నం పడింది. బాయిలర్ నీళ్లు ఇనప గొట్టాల్లో గదిలోకి వచ్చి, గోడ వెంట తిరిగి, చల్లబడి మళ్లీ బాయిలర్‌లోకే పోయేట్టు బిగించారు. కట్టెలూ పొగా బయట, వేడి లోపల. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి కోళ్ల ఫారంలో గుడ్లు పొదిగే మిషన్ పాడైతే, దాని థర్మోస్టాట్ అడిగి తెచ్చారు.

అత్తమ్మ నోరు నొక్కుకుంది. "నా మనుమరాలు కోడిపిల్లనా తమ్మీ?"

"కోడిపిల్లకే ఇంత మర్యాద చేస్తాండ్లు. మన పిల్లకు చెయ్యమా అక్కా?"

పొయ్యికి గాలి వెళ్లే కన్నం మీద రేకు మూత పెట్టారు. కరెంటు ఉన్నంతసేపు ఒక కాయిల్ ఆ మూతను పైకి లాగి పట్టుకుంటుంది. గది చాలినంత వేడెక్కితే థర్మోస్టాట్ కరెంటును తెంపుతుంది, మూత పడిపోతుంది, మంట తగ్గుతుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, కాలేజీలో అదే చెప్పేదాన్ని కాబట్టి నాకు అనుమానం వచ్చింది. "కరెంటు పోతే కూడా మూత పడిపోతుంది కదా కాకా? గది చల్లబడదా? కరెంటు పోతే మూత తెరుచుకునేట్టు తిప్పి కలపండి" అని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను.

ఆయన శ్రద్ధగానే చూశారు. "బొమ్మ మంచిగున్నది. గని గిట్ల చెయ్య. సిగ్నల్ తీగ తెగితే ఎర్రకే పోవాలె. ఆగిన బండిని మల్ల నడుపుకోవచ్చు. చల్లబడితే రొమ్ముకు అదుముకుంటవు, తెలివి ఉన్నది నీకు. మంట ఎక్కువైతే ఎవలు పట్టుకుంటరు?" కరెంటు పోయిన వెంటనే మోగేట్టు, బ్యాటరీతో ఒక గంట కూడా అమర్చారు.

అంతా అయ్యాక, తీగలన్నీ చేరే బోర్డు మీద ఏ లైను దేనిదో చిన్న బ్రష్షుతో, తెల్లరంగుతో రాయడం మొదలుపెట్టారు. మూత, గంట, గది. ఆగి, "పిల్ల పేరేంది?" అన్నారు.

"ఇరవై ఒక్క రోజు గడవనియ్యి తమ్మీ" అంది అత్తమ్మ. "దక్కుతదో లేదో. పేరు పెట్టినంక పోతే మనసు పట్టదు."

"పెట్టకుంటె పడ్తదా అక్కా? లైను ఎవలదో రాయంది నేను బోర్డు మూయ."

అత్తమ్మ కళ్లు ఒత్తుకుంది. నేను గోడ వైపు తిరిగి "రజిత" అన్నాను. ఆ పేరు అప్పటిదాకా నాలో నేను కూడా అనుకోలేదు. ఆయన గుండ్రంగా మూడక్షరాలు రాశారు.

మీటరు చూడడానికి వచ్చినాయన ఆ తీగలన్నీ చూసి, ఇవి రూలుకు విరుద్ధం, పీకెయ్యాలన్నాడు. కాక లేచి ఆయనకు కుర్చీ వేశారు. "పీకుత సారూ. పీకినంక ఈ పిల్ల జిమ్మెదారి నాదే అని ఓ కాయితం రాసిచ్చి పోండ్రి." ఆయన గదిలోకి తొంగిచూసి, రీడింగ్ మాత్రం రాసుకుని వెళ్లిపోయాడు.

ఆరో రోజు సాయంత్రం కరెంటు పోయింది. గంట మోగింది, మూత పడింది. మంట ఆరిపోతుందనుకున్నాను. ఆ మూత కింద ఒక పుల్ల పెట్టి తెరిచి ఉంచాను. కరెంటు వచ్చింది. వంటింటి పనిలో పడి పుల్ల సంగతి మరిచిపోయాను. రోజూ దీపాలు పెట్టే వేళకు వచ్చి చూసిపోయే కాక అలాగే వచ్చారు. అప్పటికి గది కొలిమిలా ఉంది. పిల్ల మొహం కందిపోయి, డొక్కలు ఎగిరిపడుతున్నాయి. ఆయన పుల్ల లాగిపడేసి, కిటికీ తెరిచి, పొత్తిగుడ్డలు విప్పారు. పిల్ల ఊపిరి కుదుటపడ్డాక అన్నారు: "నమ్మకపోతే నమ్మకు బిడ్డా. తప్పు లేదు. జర పుల్ల మాత్రం పెట్టకు."

అంతే. పుల్ల సంగతి ఆయన మా అత్తమ్మకు కూడా చెప్పలేదు.

పిల్ల బతికింది. ఆ గది బతికించిందా, నా పాలా, అదృష్టమా? ఒక్క బిడ్డ బతికినంత మాత్రాన రుజువు కాదని క్లాసులో చెప్పేదాన్ని నేనే. అయినా ఆ మాట నా ముందు ఇంకెవరైనా అంటే ఊరుకోను.

బుధవారం సాయంత్రం పాడె లేచింది. వీధి మలుపులో ఆడవాళ్లం ఆగిపోయాం. రజిత ఆగలేదు.

"ఆడపిల్లలు ఈడిదాకనేనమ్మా" అన్నాడొక పెద్దమనిషి.

"మీరు నడువుండ్రి, నేను వస్త" అంది అది.

ఆయన నా వైపు చూశాడు. వెనక్కి పిలుస్తానని అందరూ అనుకున్నారు. నేను పిలవలేదు. బస్టాండు రోడ్డు మీద తెల్ల పంచెల మధ్య, మోసేవాళ్లతో సమానంగా అంగలు వేస్తూ ఒక నీలం లంగా చాలా దూరం కనిపించింది.